అందరినీ చూడటానికి వచ్చాం

తెన్మా బజారులో ఎండు చేపలూ, ఎండబెట్టిన సముద్రపు నాచూ అమ్మే మసుయోకు ఏ సరుకైనా చేతిలోకి తీసుకోగానే దాని ధర తెలిసిపోతుంది. తన బ్యాండ్ ధర కూడా ఆమెకు తెలుసు. ఒసాకా మహానగరంలో పద్దెనిమిదేళ్ళుగా దాని ధర సున్నా.

ఆ బ్యాండ్ పేరు మూడోవీధి. బజారు మూడో వీధిలో దుకాణాలున్న ముగ్గురిది అది. బంగాళాదుంప కట్లెట్లు వేయించే కురమోచి గిటార్ వాయిస్తూ పాడతాడు. మంగలి ఇవామి డ్రమ్ములు కొడతాడు. మసుయోది బేస్ గిటార్. స్టేషన్ వెనక నేలమాళిగలో కుజిరా అని ఒక చిన్న సంగీతశాల ఉంది. నెలకో ఆదివారం మధ్యాహ్నం అక్కడ అయిదు బ్యాండ్లు వరసగా వాయిస్తాయి. మొదటి వంతు ఎప్పుడూ మూడోవీధిదే. మొదటి వంతంటే గ్లాసులు తుడుచుకునే యజమాని, తమ వంతు కోసం కాచుకున్న కుర్రాళ్ళు, ముగ్గురి ఇళ్ళవాళ్ళు వినే వంతు. ఆఖరి వంతు మాత్రం పేరున్నవాళ్ళది.

కుజిరా యజమాని సుగిమోరిని అందరూ మాస్టర్ అంటారు. ఒక ఉదయం ఆయన మసుయో దుకాణానికి వచ్చి, పులుసుకు ఎండు చేప తురుము కావాలన్నాడు. తూకం వేయించుకున్నాక కూడా కదల్లేదు.

"చెప్పండి మాస్టర్. చేప కోసం ఇంతసేపు నిలబడే మనిషి కాదు మీరు" అంది మసుయో.

"వచ్చే నెల నుంచి నాలుగు బ్యాండ్లే పెడదామనుకుంటున్నా అక్కా. కరెంటు బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఈ ఆదివారం గుమ్మం దగ్గర ఇరవై మందైనా మీ పేరు చెప్పాలి. చెప్పకపోతే ఇక మీరు మెట్లు దిగి రావద్దు."

గుమ్మం దగ్గర పేరు చెప్పడమంటే కుజిరాలో పెద్ద లెక్క. టికెట్ ఇచ్చే అమ్మాయి వచ్చిన ప్రతివాళ్ళనీ "ఈ రోజు ఎవరిని చూడటానికి వచ్చారు" అని అడుగుతుంది. ఎవరి పేరు చెబితే వాళ్ళ గడిలో గీత పెడుతుంది. ఎవరి కాళ్ళ మీద ఎవరు నిలబడ్డారో ఆ గీతలే చెబుతాయి. మూడోవీధికి ఎప్పుడూ నాలుగు గీతలకు మించి పడలేదు.

మసుయో పొట్లానికి దారం చుడుతూ ఆలోచించింది. బతిమాలితే బేరం పోతుంది.

"నలభై మంది చెబితే?" అంది.

"నలభయ్యా?" మాస్టర్ నవ్వాడు. "నలభై మంది చెబితే ఆఖరి వంతు మీకే ఇస్తా."

"అయితే పొట్లం తీసుకోండి. ఈ మాట మీద మీకు తగ్గింపు కూడా ఇస్తున్నా."

ఆయన వెళ్ళాక, ఎదురుగా కట్లెట్లు వేయిస్తున్న కురమోచి చేతిలోని జల్లెడ అలాగే పట్టుకుని వచ్చాడు. "ఇరవై అడిగితే నలభై ఒప్పుకున్నావా? నీకు మతి ఉందా?"

"ఇరవై తెస్తే ఉన్నచోటే ఉంటాం. ఉన్నచోటు ఎలాంటిదో నీకు తెలీదా? నూనె మాడుతోంది, వెళ్ళు."

ఆ వారమంతా ఆమె చేపలతోపాటు ఆదివారాన్ని కూడా అమ్మింది. మొదటి బేరం పచ్చి చేపల హమజాకితో. అతను అంత తేలిగ్గా లొంగే ఆసామి కాదు.

"సంగీతమా? పోయినేడు మా ఆవిడ పెద్ద స్టేడియానికి లాక్కెళ్ళింది. పాడేవాడు చీమంత కనపడ్డాడు. చివరికి తెర మీదే చూశాం. ఆ మాత్రానికి ఇంట్లో టీవీ లేదా?"

"కుజిరాలో పాడేవాడి చెమట వచ్చి నీ మీద పడుతుంది."

"దానికి కూడా డబ్బు తీసుకుంటారా?"

"చెమట ఉచితం. టికెట్ రెండు వేల యెన్లు, అయిదు బ్యాండ్లు. అంటే ఒక్కోటి నాలుగొందలు. నువ్వమ్మే పీతకాలు కన్నా చవక."

హమజాకి వేళ్ళ మీద లెక్కేసుకుని, తప్పు దొరక్క, తల ఊపాడు. తోఫు అమ్మే త్సుజిమోతో ముసలమ్మకు ఆ మోతకు చెవులు పోతాయన్న భయం పట్టుకుంది. మసుయో దూది ఇస్తానంది. "సగం పోయిన చెవులకు దూదెందుకే, మిగతా సగం కూడా నీకే ఇచ్చేస్తాలే" అని ముసలమ్మ మాట ఇచ్చింది. ఇవామి మాత్రం గడ్డానికి సబ్బు రాసి, కత్తి పట్టుకుని అడిగాడు. ఆ స్థితిలో కాదన్నవాడు లేడు.

ఆదివారం వాళ్ళంతా వచ్చారు. ఎప్పుడు రావాలో, ఏ మెట్లు దిగాలో, లోపల తప్పనిసరిగా కొనాల్సిన పానీయానికి ఎంత చిల్లర తేవాలో మసుయో విడమరిచి చెప్పింది. గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న ఒక్కటే చెప్పలేదు. జవాబు తెలిసిన ప్రశ్నే కదా అనుకుంది.

టికెట్లిచ్చే మివా మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చుంది. మెట్ల మీద మిగతా నాలుగు బ్యాండ్ల పిల్లలు, ఎర్ర జుట్టు, నీలం జుట్టు, అటూ ఇటూ నిలబడి వచ్చినవాళ్ళకు వంగి దండాలు పెడుతున్నారు. ముందుగా హమజాకి దిగాడు.

"ఈ రోజు ఎవరిని చూడటానికి వచ్చారండీ?" అంది మివా.

హమజాకి నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. నీలం జుట్టు కుర్రాడు ఆశగా అతని మొహంలోకే చూస్తున్నాడు.

"అందరినీ చూడటానికేనమ్మా" అన్నాడు.

మివా పక్కన, ఏ బ్యాండ్‌కూ చెందని గడిలో గీత పెట్టింది. అతని వెనక త్సుజిమోతో ముసలమ్మ కూడా "అందరినీ" అంది. ముందువాళ్ళు మర్యాదగా చెప్పాక వెనకవాళ్ళు మొరటుగా ఎలా చెబుతారు? వరసంతా అదే పాట పాడింది.

మొదటి వంతువాళ్ళు వేదిక వదిలి గుమ్మం దగ్గరికి రాకూడదని కుజిరాలో కట్టడి. మసుయో వేదిక పక్కన తీగలు బిగిస్తూ, తెరిచిన తలుపులోంచి ఆ మాట మళ్ళీ మళ్ళీ వింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. బజారులో నాలుగు దుకాణాలవాళ్ళు వింటుండగా ఏ కొట్టుకొచ్చావని అడిగితే ఆమె అయినా అదే చెబుతుంది. పిల్లల మొహం మీద, మీకోసం కాదు అని ఎవరంటారు?

"నేను వెళ్ళి చెబుతా" అన్నాడు కురమోచి.

"వెళ్ళావంటే మాస్టర్ ఉన్న గీతలు కూడా కొట్టేస్తాడు. ఊరుకో."

తలుపు మూసేటప్పుడు మివా దూరం నుంచే, మొహం చిన్నబుచ్చుకుని, వేళ్ళు చూపించింది. ఆరు. ఇళ్ళవాళ్ళు నలుగురు, ఇవామి చేత గడ్డం గీయించుకున్నవాళ్ళు ఇద్దరు.

వాయించడం మొదలుపెట్టారు. మొదటి పాట సగంలో మసుయోకు ఏదో తేడా తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె బేస్ మోత ఖాళీ గదిలో వెనక గోడకు కొట్టుకుని, ఒక క్షణం ఆలస్యంగా తిరిగొచ్చి ఆమె పాదాలకు తగిలేది. ఈ రోజు తిరిగి రాలేదు. నిలబడ్డ జనం దాన్ని తమలోకి తీసేసుకున్నారు. పంపిన సరుకు వెనక్కి రాలేదంటే అమ్ముడైనట్టే. ఆమె వేళ్ళు ఇంకొంచెం గట్టిగా పడ్డాయి. కురమోచి గొంతు కూడా వణుకు మానేసి బజారులో కేకేసే గొంతయింది.

మూడో పాట ముందు అతను ఆమె చెవిలో అన్నాడు. "చేతులెత్తమని అడుగు. మాస్టర్ కళ్ళారా చూస్తాడు."

"ఆయన గుమ్మం దగ్గరి మాటే లెక్కన్నాడు. చేతులెత్తిస్తే ఏడ్చి అడుక్కున్నట్టుంటుంది." ఆమె మైకు తన వైపు తిప్పుకుంది.

"అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర మీరు చెప్పిన మాట నేను విన్నాను. అందరినీ చూడటానికి వచ్చామన్నారు. మాటంటే మాటే. మా వంతు అవగానే ఎవరైనా మెట్లెక్కితే, రేపు నా కొట్లో వాళ్ళకు సరుకు లేదు."

"ఎక్కడికి పోతాం, అయిదింటికీ డబ్బు కట్టాం కదా" అని హమజాకి వెనక నుంచి అరిచాడు. నవ్వులు లేచాయి. మాస్టర్ గ్లాసు తుడవడం ఆపి మసుయో వైపు చూశాడు.

కుజిరాలో రివాజు వేరు. ఎవరి మనుషులు వాళ్ళ వంతు అవగానే వెళ్ళిపోతారు. ఆ రోజు ఒక్కరు కదల్లేదు. రెండో వంతులో ఇద్దరు కుర్రాళ్ళు రంపపు మిల్లు లాంటి చప్పుడు చేశారు. త్సుజిమోతో ముసలమ్మ దూది తీసి చేతిలో పెట్టుకుని, "ఇన్నేళ్ళకు నాకు ఒకటి సరిగ్గా వినపడింది" అంది. మూడో వంతులో పాడే అమ్మాయికి జనం వైపు వీపు పెట్టి పాడటం అలవాటు.

"అమ్మాయ్, ఇటు తిరుగు. వీపుకు కట్టలేదు మేం డబ్బు" అన్నాడు హమజాకి.

ఆమె తిరిగింది. తిరిగాక పాట గోడలు దాటిపోయేలా పాడింది. హమజాకే ముందుగా చప్పట్లు కొట్టాడు. నాలుగో బ్యాండ్ మొదలయ్యేసరికి బీరు అయిపోయింది. మాస్టర్ మివాను సారాయి కొట్టుకు పంపబోతే, ఆ కొట్టు యజమాని జనంలోంచి చెయ్యెత్తి, "నేనిక్కడే ఉన్నా, నాలుగో బ్యాండ్ కాసేపు ఆగితే తెస్తా" అన్నాడు. వాళ్ళు ఆగారు. అతను రెండు పెట్టెలు మోసుకొచ్చాడు.

ఆఖరి వంతు నీలం జుట్టు రెంతో బ్యాండ్‌ది. పేరున్నవాళ్ళే అయినా, చివరికి మిగిలేది తమ మనుషులేనని వాళ్ళకు తెలుసు. ఆ రోజు వేదికెక్కి చూస్తే కుజిరాలో కాలు పెట్టే చోటు లేదు. రెంతో మొదటి పాట మొదటి మాటే మరిచిపోయాడు. కురమోచి భార్య "తొందరలేదు బాబూ" అంది.

అంతా అయ్యాక మాస్టర్ బల్ల దగ్గర కాగితం చూసి చెప్పాడు. "మూడోవీధికి ఆరు."

"మివా, పక్కగడిలో ఎన్ని?" అంది మసుయో.

"నలభై మూడు అక్కా."

"వాళ్ళు ఏమన్నారు?"

"అందరినీ చూడటానికి వచ్చామన్నారు."

"అందరిలో మేం లేమా మాస్టర్?"

మాస్టర్ బుర్ర గోక్కున్నాడు. "అలా అయితే ఆ గీతలు అయిదు బ్యాండ్లకూ పడతాయి."

"వెయ్యండి. నేనేమైనా అడ్డుపడ్డానా? నావి నాకు, వాళ్ళవి వాళ్ళకు."

"అప్పుడు అందరూ నలభై దాటినట్టే. ఇక నేను ఎవర్ని తీసెయ్యాలి?"

"అది మీ ఖర్మ. బీరు ఇంకో రెండు పెట్టెలు తెప్పించిన మనిషి, కరెంటు బిల్లు సంగతి నా దగ్గర ఎత్తకండి."

వెనక నుంచి రెంతో ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు. "మాస్టర్, వచ్చే నెల ఈ అక్కవాళ్ళతోపాటే మాకూ వంతు ఇవ్వండి. మొదటి వంతైనా ఫరవాలేదు." అతని వెనకే రంపపు కుర్రాళ్ళు, వీపు పెట్టి పాడే అమ్మాయి వరసకట్టారు. ఆఖరి వంతును మొదటిసారి ఒకరు తమంతట తాము వదిలారు.

మాస్టర్ సుద్దముక్క తీసుకుని, గోడ మీది నల్లబల్లపై వచ్చే నెల వరసలో అయిదు గళ్ళు గీశాడు. ఆఖరి వంతుదైన అట్టడుగు గడిలో పెద్ద అక్షరాలతో మూడోవీధి అని రాశాడు. మసుయో బల్ల దగ్గరికి వెళ్ళి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసింది. ఇవామి అద్దం ముందు నిలబడ్డట్టు ఆ బల్ల ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు.

పైకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. బజారు కప్పు కింద జనం ఇళ్ళకు పోకుండా గుంపులు కట్టారు. రంపం కుర్రాళ్ళు గొప్పా, నీలం జుట్టువాళ్ళు గొప్పా అని, చేప తాజాదా కాదా అని పోట్లాడుకున్నట్టే పోట్లాడుకుంటున్నారు. మసుయో బేస్ పెట్టె భుజాన వేసుకుని వాళ్ళ మధ్యలోంచి నడిచింది. ఒకరిద్దరు దారిచ్చి చప్పట్లు కొట్టారు. ఆమె తల వంచలేదు.

కురమోచి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఆఖరి వంతంటే ఏడు పాటలు వాయించాలట. మన దగ్గరున్నవి నాలుగే."

"పద్దెనిమిదేళ్ళలో నాలుగు చేశావు" అంది మసుయో. "మిగతా మూడూ ఈ నెలలో చెయ్. కట్లెట్లు నేను వేయిస్తాలే."