నాలుగు స్టడ్ల చక్రం

జీవరత్నం చెవులు ఇంఫాల్లో పోయాయి. పటాలం వర్క్‌షాపులో లారీ కింద పడుకొని పని చేసుకుంటుంటే పక్కనే బాంబు పడింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. వినికిడి మాత్రం పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు.

యుద్ధం అయిపోయాక మాచర్ల తిరిగొచ్చి సాంబశివరావు దగ్గర ఫిట్టరుగా కుదిరాడు. ఊరికి ఐదు మైళ్ళ అవతల సాంబశివరావుకి నాపరాయి క్వారీ ఉంది. పటాలం వాళ్ళు వేలంలో అమ్మేసిన లారీ ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే లారీ. ఎద్దుబండి వెనక్కి జారే ఎగువలో కూడా నిండా రాళ్ళేసుకొని ఎక్కేది.

చెవిటి ఫిట్టరేందని మొదట్లో జనం నవ్వారు. జీవరత్నం ఇంజను మీద అరచెయ్యి ఆనించి లోపల రోగమేందో చెప్పేవాడు. రెండు నెలలకి నవ్వులు ఆగిపోయాయి.

ఒక్క పని మాత్రం అతని చేతులకి అందేది కాదు. చక్రాన్ని హబ్బుకి పట్టి ఉంచేవి స్టడ్లు, వాటి మీద బిగించేవి నట్లు. రాళ్ళదారిలో కుదుపులకి నట్లు వదులవుతాయి. నట్టు వదులైతే స్టడ్డు లోపల్లోపలే చిట్లుతుంది, పైకి కనపడదు. సుత్తితో తట్టి చూడాలి. బాగుంటే ఖంగుమంటుంది. చిట్లితే చచ్చు మోత వస్తుంది.

ఆ మోత వినడానికి అతని భార్య జ్ఞానమ్మ ఉంది. ఆమె అదే క్వారీలో రాళ్ళు మోసేది. రోజూ పొద్దున లారీ కదిలేముందు జీవరత్నం ఒక్కో నట్టూ పానాతో బిగించి, సుత్తితో తట్టి, ఆమె మొహంలోకి చూసేవాడు. బాగుంటే ఆమె తలూపేది. బాగలేకపోతే చెయ్యి అడ్డంగా ఆడించేది. ఆ చూపూ ఆ తలూపూ చూసి ఆడాళ్ళు మేలమాడేవాళ్ళు. "మా అన్నకి నట్లొక సాకమ్మా వదినా, నీ మొహం చూసుకోటానికి" అనేది మాణిక్యమ్మ. పెదకోటయ్య పెళ్ళాం ఆమె. రాతిపలక ఎత్తాలంటే చెరో కొసా ఇద్దరు పట్టాలి. జ్ఞానమ్మకి ఎప్పుడూ జోడీ మాణిక్యమ్మే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, డ్రైవరు అంకమ్మరావు దారిలో టైరు పంక్చరైతే తనే విప్పి వేసుకున్నాడు. ఆ లారీకి ఎడంపక్క చక్రాలకి ఎడమ మరలుంటాయి, మామూలు నట్లకి ఎదురు తిప్పితేనే వదులవుతాయి. చక్రం ముందుకు తిరిగే వైపే నట్టు బిగియాలని అట్లా చేస్తారు. అంకమ్మరావుకి అది గుర్తు లేదు. ముందు ఎడమ చక్రం నట్లు రావట్లేదని పానా మీదెక్కి తొక్కాడు. వదులు చేస్తున్నాననుకొని బిగించాడు. రెండు స్టడ్లు మెడ దగ్గర విరిగాయి. అప్పుడు గుర్తొచ్చి, మిగిలిన నాలుగింటి మీద చక్రం బిగించి లారీ తోలుకొచ్చాడు.

జీవరత్నం హబ్బు విప్పి, విరిగిన ముక్కల్ని వెనక నుంచి సుత్తితో పొడిచి తీసేశాడు. కొత్తవి వెయ్యాలంటే లేవు. కమ్మరి స్టడ్డు ఆకారం కొట్టివ్వగలనన్నాడు గానీ, ఎడమ మర కోసే పనిముట్టు మాచర్లలోనే కాదు, నరసరావుపేటలోనూ దొరకలేదు. మద్రాసుకి ఉత్తరం రాశారు.

"వచ్చిందాకా బండి ఆపుదామండీ" అన్నాడు జీవరత్నం.

సాంబశివరావు అతనికి అర్థమయ్యేట్టు నాలుగు వేళ్ళు చూపించాడు. "నాలుగున్నాయి గదరా! మంచానికైనా నాలుగే కోళ్ళు. బరువు తగ్గించి తోలండి."

బరువు రెండు రోజులు తగ్గించారు.

ఒక గురువారం జ్ఞానమ్మకి ఒక స్టడ్డు దగ్గర మోత తేడాగా వినిపించింది. చెయ్యి అడ్డంగా ఆడించింది. జీవరత్నం లారీ కదలనివ్వలేదు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, హబ్బు కడిగి చూశాడు. స్టడ్డు నిక్షేపంగా ఉంది. నట్టు కింద ఎండిన మట్టి గడ్డకట్టింది, అంతే. పొద్దంతా పోయింది. క్వారీలో ఆ రోజు ఎవరికీ కూలి లేదు.

"చెవిటోడికి ఇనపడదు, దీనికి లేనిదినపడుద్ది" అన్నాడు సాంబశివరావు అందరి ముందూ. కూలి పోయిన వాళ్ళూ గొణిగారు. సాయంత్రం దారిలో జ్ఞానమ్మతో మాణిక్యమ్మ తప్ప ఎవరూ కలిసి నడవలేదు.

రెండు రోజులకి శనివారం. స్టేషన్లో రాళ్ళకి రైలుపెట్టె ఇచ్చారు. మధ్యాహ్నంలోపు నింపకపోతే వేరేవాళ్ళకి పోతుంది. పొద్దున్నే లారీ నిండా పలకలు పేర్చారు. అక్కడ దించడానికి ఆరుగురు కూలీలు ఎక్కాలి. సాంబశివరావు గొడుగు నేలకి ఆనించి పక్కనే నిలబడ్డాడు.

జీవరత్నం ముందు ఎడమ చక్రం దగ్గర కూచుని నాలుగు నట్లూ బిగించాడు. తట్టాడు. మొదటిది ఖంగుమంది. రెండోది చప్పగా పలికింది. ఆమె సైగ రాకపోతే అతను మళ్ళీ తట్టాడు. అదే మోత. మొన్నటి మోతే, మొన్నటి మట్టే అయ్యుంటుంది అనుకుంది జ్ఞానమ్మ. చుట్టూ అందరూ తననే చూస్తున్నారు. జీవరత్నం కూడా చూస్తున్నాడు.

ఆమె తలూపింది.

"రా వదినా, ఇట్రా" అని మాణిక్యమ్మ పలకల మీద చోటు చూపించింది. జ్ఞానమ్మ ఎక్కి ఆమె పక్కనే కూచుంది. లారీ కదిలాక కూడా చానాసేపు కిందికి, ఆ చక్రం వైపే చూస్తా ఉంది. ఏం కాలేదు. వాగు దగ్గరికొచ్చేసరికి గుండె కుదుటపడింది.

వాగులోకి దిగే వాలులో ముందు ఎడమ చక్రం ఊడింది. లారీ కంటే ముందు అదొక్కటే దొర్లుకుంటా పోవడం జ్ఞానమ్మ చూసింది. అంతలో లారీ ముక్కు నేలకి దిగబడి ఎడమకి ఒరిగింది. జ్ఞానమ్మ ఇసకలో పడింది. లేచి చూస్తే పలకలన్నీ ఒకదాని మీద ఒకటి జారి ఆగి ఉన్నాయి. వాటి కింద నుంచి మాణిక్యమ్మ చెయ్యి కనిపించింది. ఆరు పలకలు తియ్యడానికి మిగిలినవాళ్ళు అవస్థ పడ్డారు. తీసేసరికి ప్రాణం లేదు. అంకమ్మరావుకి చెయ్యి విరిగింది.

ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్తుంటే క్వారీలో ఉన్న జీవరత్నానికి పెదాలు చదవక్కర్లేకపోయింది. వాగు దాకా ఉరికాడు. మాణిక్యమ్మని చూశాడు. తర్వాత హబ్బు దగ్గరికి పోయి విరిగిన స్టడ్లని ఒక్కొక్కటే వేలితో తడిమాడు. మూడు స్టడ్లు విరిగిన చోట కొత్త ఇనుములా మెరుస్తున్నాయి. ఒకటి సగం మాత్రమే మెరుస్తోంది. మిగతా సగం నల్లగా, తుప్పు పట్టి ఉంది.

సాయంత్రం పోలీసు ఠాణా వసారాలో అందరినీ కూచోబెట్టారు. హెడ్డు కానిస్టేబులు వాంగ్మూలాలు రాసుకుంటున్నాడు. గోడవారన పెదకోటయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఉన్నాడు. జీవరత్నం స్టడ్డు ముక్క చేతిలో పట్టుకొని భార్య వైపు జరిగాడు.

"ఇది పొద్దున మనం తట్టేసరికే చిట్లి ఉంది. మోత ఎట్టా వచ్చింది నీకు?"

వినపడని మనిషి గొంతు గదా, వసారా అంతా వినిపించింది. జ్ఞానమ్మ తల దించుకొని ఏదో అంది.

"మొహమెత్తు జ్ఞానం. నాకు తెలవటంలా. నువ్వు తలూపావు. నేనేమన్నా తప్పు చూశానా?"

ఆమె మొహమెత్తింది. పెదాలు వణుకుతున్నాయి, అతనికి వాటిల్లో మాట దొరకలేదు. "నోరు బాగా తెరిచి చెప్పు" అన్నాడు.

"చచ్చు మోతే!" అని అరిచింది జ్ఞానమ్మ. "రెండోది చచ్చు మోతే ఇనపడింది! మొన్నట్టాగే మట్టేమో అనుకున్నా! మళ్ళీ అందరూ తిడతారని తలూపా!"

హెడ్డు కలం ఆగింది. "విన్నారుగదండీ?" అన్నాడు సాంబశివరావు.

పెదకోటయ్య లేచి నిలబడ్డాడు. "తెలిసే ఎక్కించావా చెల్లెమ్మా?"

"నేనూ ఎక్కా గదన్నా. వదిన పక్కనే కూచున్నా గదన్నా."

"నువ్వు లేచొచ్చావు" అన్నాడు పెదకోటయ్య.

జీవరత్నం వాళ్ళ మొహాలు చూశాడు. తర్వాత హెడ్డు ముందుకి పోయి నిలబడ్డాడు. "రాసుకోండి. ఫిట్టర్ని నేను. ఆరుండాల్సిన చోట నాలుగుతో బండి పంపింది నేను. మోత మంచిదైనా ఆ బండి కదలకూడదు, అది నాకు తెలుసు. పంపమన్నది సాంబశివరావుగారు. రెండూ రాసుకోండి."

హెడ్డు మొదటిదే రాశాడు.

గురజాల కోర్టులో జ్ఞానమ్మ మళ్ళీ అదే చెప్పబోయింది. నువ్వు ముద్దాయివి కాదు, కూచోమన్నారు. జీవరత్నానికి ఆరు నెలలు వేశారు. లారీ పడ్డ ఎనిమిదో రోజునే మద్రాసు నుంచి స్టడ్లు రైల్లో వచ్చాయట. అవి వేసి, కొత్త డ్రైవర్ని పెట్టి తోలుతున్నారు.

జ్ఞానమ్మ క్వారీకి పోయింది. పలక ఒక కొస పట్టుకొని నిలబడితే రెండో కొస పట్టడానికి ఎవరూ రాలేదు. ఒకరోజు, రెండు రోజులు అట్లా నిలబడి చూసింది. మూడో రోజు నుంచి గురజాల చుట్టుపక్కల మిరప కోతలకి పోయింది.

జీవరత్నం చిక్కి సగమై తిరిగొచ్చాడు. మొగుడూ పెళ్ళాం చానా రోజులు ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకోలేదు. చూస్తేనే గదా అతనికి మాట అందేది, ఇంట్లో మాటల్లేకుండా పోయాయి. సాంబశివరావు మనిషిని పంపాడు, పనిలోకి రమ్మని. "ఆ పని నాకు రాదని కోర్టే రాసింది" అని చెప్పి పంపేశాడు.

ఒక రోజు అతనే ఆమె గడ్డం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. "నీ ఒక్కదానిది కాదు. నాకు నోరుంది గదా, ఆ రోజు నేను పానా పారేసి అడ్డం పడుకోవాల్సింది" అన్నాడు. ఆమె ఏడుస్తుంటే చూస్తా కూచున్నాడు. అచ్చంపేటలో ఆమె అన్న ఉన్నాడు. అక్కడికి పోదామనుకున్నారు.

మూటలు నెత్తిన పెట్టుకొని పొద్దున్నే స్టేషనుకి బయల్దేరారు. రోడ్డు పక్కన పెదకోటయ్య కంకర కొడుతున్నాడు. అతను క్వారీ మానేసి చానా నాళ్ళయింది. జ్ఞానమ్మ నడక ఆగిపోయింది. ముందుకి పోలేదు, వెనక్కీ పోలేదు.

పెదకోటయ్య తలెత్తి చూశాడు. ఇద్దరి మూటలూ చూశాడు. దారిలో పడ్డ కంకర కాలితో పక్కకి నెట్టాడు.

"ఎండెక్కకముందే పోండి" అన్నాడు, వేరేవైపు చూస్తా. మళ్ళీ రాళ్ళ ముందు కూచున్నాడు.

జ్ఞానమ్మ చెయ్యెత్తి దండం పెట్టబోయింది. అతను చూడలేదు. మూట సర్దుకొని మొగుడి వెనకాల నడిచింది.