నా కాలి కొలతకు

సాయంత్రం అతిథులు స్నానాలకు వెళ్ళగానే వాళ్ళు ఈతకు కాళ్ళకు తొడుక్కున్న రెక్కలు, అదే ఫిన్స్, అన్నీ మంచినీళ్ళ తొట్టిలో జాడించి ఆరబెట్టడం నా పని. వాటిలో మా ఆయన మొరియాకివి కూడా ఉంటాయి. ఏటా కొత్తవి కొంటాడు. నాకంటూ ఒక జత లేదు. జమామి దీవిలో ఈ డైవింగ్ కొట్టు పెట్టిన పన్నెండేళ్ళ నుంచీ, అద్దెకివ్వగా మిగిలిన జత ఏదుంటే అది, రెండు జతల మేజోళ్ళ మీద బిగించుకుని సముద్రంలోకి దిగుతున్నాను. "నువ్వు సాయానికేగా దిగేది మిత్సూ, నీకెందుకు వేరే?" అనేవాడు. తెల్లారగట్ల లేచి అందరికీ అన్నం ముద్దలు చుట్టడం, సిలిండర్లలో గాలి నింపడం, పడవ కడగడం, వెనకబడ్డ అతిథి చెయ్యి పట్టుకుని ఈదడం, ఇవన్నీ సాయమేనట.

పోయిన వారం ఆ సాయానికీ ఎసరొచ్చింది. పడమటి బండ దగ్గర ఉన్నట్టుండి నీళ్ళ ఉరవడి పెరిగి, మాతో వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఒకామె కొట్టుకుపోసాగింది. ఎంత తన్నుకున్నా ఆమెను అందుకోలేకపోయాను. ఫిన్స్ పాదాల మీద అటూ ఇటూ ఊగుతున్నాయి తప్ప నేను ముందుకు కదలడం లేదు. చివరికి మొరియాకి వెళ్ళి పట్టుకొచ్చాడు. భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు కదా, "ఆడవాళ్ళ కాళ్ళలో బలం ఎక్కడుంటుందిలెండి! వచ్చే నెల నుంచి నాహా పట్నం గైడ్‌ని ఒకణ్ణి పెట్టుకుంటున్నా. ఇక ఈవిడ ఒడ్డునే."

"మంచి పని చేశావురా, నాకూ వంటింట్లో ఓ చెయ్యి కలుస్తుంది" అంది అత్తయ్య. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోతోంది, చేతులు మాత్రం అన్నం గిన్నెలు అందిస్తూనే ఉన్నాయి.

"ఆ ఫిన్స్ నాకు వదులుగా ఉన్నాయండీ" అన్నాను తర్వాత, గిన్నెలు కడుగుతూ.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట! మంచివి ఎంతో తెలుసా? ముప్పై వేల యెన్లు. ఆ డబ్బుకి పెద్ద రైస్ కుక్కరొస్తుంది, నీకే సుఖం."

నిజంగానే నా కాళ్ళలో సత్తువ లేదేమో. ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తెలియదా? మంచి ఫిన్స్‌కి ఆ ధర వస్తువుకా, ఉత్త కంపెనీ పేరుకా? సముద్రం నుంచి నన్ను తీసేస్తున్నారంటే నాకు మిగిలేది ఆ వంటిల్లు, ఆ తొట్టి. అదలా ఒప్పేసుకోవాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. తేల్చుకోవాలి. మర్నాడు రేవులో పక్క కొట్టు గైడ్ నొజొమిని తన ఫిన్స్ ఒక్కపూట ఇమ్మని అడిగాను. నాకంటే పొట్టి పిల్ల.

"దానికేం భాగ్యం అక్కా, తీసుకో. కానీ బరువు. మొదట్లో పిక్కలు పట్టేస్తాయి" అంది.

మందపాటి నల్ల రబ్బరు ఫిన్స్. మేజోళ్ళు లేకుండానే పాదం అతుక్కుపోయింది. ఆ అమ్మాయిని తోడు తీసుకుని అదే బండ దగ్గర, అదే ఉరవడిలో దిగాను. పిక్కలు నిజంగానే లాగేశాయి. నాలుగు తన్నులు తన్నేసరికి బండ నా వెనక ఉంది! నమ్మలేక వెనక్కొచ్చి మళ్ళీ ఎదురీదాను. మళ్ళీ దాటాను. మాస్కులోపలే ఏడ్చాను. మద్దెల నిజంగానే ఓడు. ఇన్నేళ్ళూ నా కాళ్ళను నేనే తిట్టుకున్నానే!

ధర సంగతి మనసు పీకుతుంటే నాహా వెళ్ళి చవకరకం ప్లాస్టిక్‌వి కూడా తొడిగి చూశాను. చేత్తో వంచితే మెత్తగా వంగిపోయాయి. సరదాగా చేపలు చూసేవాళ్ళకు అవి చాలు. మనిషిని వెనక్కి లాక్కొచ్చేదానికి చాలవు.

"మీవారికాండీ?" అన్నాడు అమ్మేవాడు రబ్బరువి చూపిస్తూ.

"నాకే."

మా కొట్టు గల్లాపెట్టెలోంచే డబ్బు తీసుకెళ్ళాను. అందులోంచి ఏనాడూ జీతం తీసుకోలేదు కాబట్టి తప్పనిపించలేదు.

మొరియాకి పెట్టె విప్పి ధర చూసి నెత్తి కొట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? వాటితో ఏం చేస్తావ్?"

"రేపు పడమటి బండకి అతిథుల్ని నేనే తీసుకెళ్తున్నా."

"మరి ఆ నాహావాడికి మాటిచ్చేశానే! వాణ్ణేం చెయ్యమంటావ్?"

"రమ్మనండి" అన్నాను. "అన్నం ముద్దలు చుట్టడం వచ్చో రాదో ముందే కనుక్కోండి."