అరవై మూడో దారి

టాక్సీ లైసెన్సుల ఆఫీసు వరండాలో రెండే కుర్చీలున్నాయి. ఒకదాంట్లో స్కేలు కూర్చున్నాడు, రెండోదాంట్లో అతని బావమరిది. స్కేలన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఏ బేరమొచ్చినా స్కేలు పెట్టి గీసినట్టు దగ్గర దారినే పోతాడని స్టాండులో డ్రైవర్లు తగిలించిన పేరు. ముప్పై ఒక్క ఏళ్ళలో అది ఎంతగా అతుక్కుపోయిందంటే, కోపమొచ్చినప్పుడు భార్య కూడా "ఏమండీ స్కేలుగారూ" అనేది.

ఆమె పోయి ఏడు వారాలైంది.

ఈ ఏడు వారాల్లో స్కేలు ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. ఇవాళ పొద్దున ఆఫీసు ఎదుటి కొట్లో పొగలు కక్కుతున్న టీని మంచినీళ్ళలా గటగటా తాగేశాడు. "నోరు కాలలేదూ?" అని కొట్టువాడు నోరు వెళ్ళబెట్టాడు. "లేదు" అన్నాడు స్కేలు. నిజంగానే తెలియలేదు.

అరవై నిండిన డ్రైవరు లైసెన్సు నిలబెట్టుకోవాలంటే దారుల పరీక్షకు మళ్ళీ కూర్చోవాలి. దరఖాస్తులో చివరి గడి ఇంకో డ్రైవరు సంతకానికి: 'ఈయనకు ఊరి దారులన్నీ తెలుసునని నేనెరుగుదును.' బావమరిదీ డ్రైవరే. పొద్దుట్నుంచి ఆ కాగితం అతని ఒళ్ళోనే ఉంది. పెన్ను మూత మాత్రం తీయలేదు.

"నువ్వు లోపలికెళ్ళి రా బావా, తర్వాత చూద్దాం" అన్నాడు, గోడవైపు చూస్తూ.

గోడ మీద పాత ఫొటోలున్నాయి. మొదటి ఫొటోలో గుర్రబ్బళ్ళు, బండివాళ్ళ చేతులకు నంబరు వేసిన ఇత్తడి బిళ్ళలు, అప్పటి లైసెన్సులు అవే. ఆ కాలంలో రైలు దిగిన కొత్తవాడు దొరికితే బండివాడి పంట పండినట్టే. పక్క వీధిలో దింపాల్సినవాణ్ణి ఊరంతా మూడు చుట్లు తిప్పి, మా ఊరెంత పెద్దదో చూశారా అని పైగా గొప్పలు పోయేవాళ్ళు. ఒకసారి అలా తిప్పింది ఎవర్నో కాదు, కొత్తగా వచ్చిన మేయరుగారినే. ఆయన వారం తిరక్కుండా బిళ్ళలన్నీ లాగేసుకున్నాడు. దగ్గర దారి నోటికి రానివాడికి బిళ్ళ ఇచ్చేది లేదన్నాడు. తర్వాత గుర్రాలు పోయాయి, మోటార్లొచ్చాయి, మీటర్లొచ్చాయి. రూలు మాత్రం చెక్కుచెదరలేదు, పరీక్షకని అచ్చేసిన నూరు దారుల పుస్తకమూ చెక్కుచెదరలేదు.

ఆ పుస్తకాన్ని స్కేలు ఒక్కడే బట్టీపట్టలేదు. కొత్తగా కాపురం పెట్టిన ఒంటిగదిలో, భార్య ఒక చేత గరిటె, ఒక చేత పుస్తకం పట్టుకుని స్టవ్వు దగ్గర్నుంచే నంబరు అరిచేది. "పన్నెండు!" అంటే అతను పన్నెండో దారి మలుపులు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాలి. తప్పితే గరిటె గాల్లో గిరగిరా తిప్పేది, ఊరంతా తిప్పేశారు పాపం ప్రయాణికుణ్ణి అని. పరీక్ష పాసైంది అతనే గానీ, నూరు దారులూ ఇద్దరికీ కొట్టినపిండే.

లోపల్నుంచి పిలుపొచ్చింది.

పరీక్ష పెట్టే ఆవిడకు అతని కూతురంత వయసుంటుంది. మొదటి రెండు ప్రశ్నలకూ స్కేలు మర పలికినట్టు జవాబు చెప్పాడు. మూడోది ఏమిటో ఊళ్ళో ప్రతి డ్రైవరుకూ తెలుసు. పెద్దాసుపత్రి ప్రశ్న తప్పనిసరి, అదీ ఎవరి స్టాండు నుంచి వాళ్ళకే. స్కేలు స్టాండు నుంచి అయితే అది పుస్తకంలో అరవై మూడో దారి.

"మీ స్టాండు నుంచి పెద్దాసుపత్రికి ఎలా వెళ్తారు?" అని అడిగింది ఆవిడ.

నాలుగు రోడ్ల దాకా గబగబా చెప్పి, స్కేలు అక్కడ ఆగాడు.

ఏడు వారాల కిందట ఆ రోజు, పొద్దున పదింటికి భార్య గుండె పట్టుకుని టాక్సీ వెనక సీట్లో కూర్చుంది. అలవాటు ఊరుకోదు కదా, చెయ్యి దానంతటదే వెళ్ళి మీటరు తిప్పింది. "నాక్కూడా మీటరేనా?" అంది ఆమె, అంత నొప్పిలోనూ. నాలుగు రోడ్ల దగ్గర అతను బండి నెమ్మది చేశాడు. నేరుగా పోతే వంతెన. కుడివైపు రింగురోడ్డు, చుట్టు ఎక్కువైనా ఖాళీగా ఉంటుంది. చెయ్యి కుడివైపు సిగ్నలు వేయబోయింది. అప్పట్లో స్టవ్వు దగ్గర్నుంచి అరిచినట్టే, వెనక సీట్లోంచి ఆమె గొంతు వినబడింది.

"అరవై మూడండీ. నేరుగా."

నేరుగా పోయాడు. వంతెన నడిమధ్యన సిమెంటు లారీ ఇరుసు విరిగి అడ్డంగా పడి ఉంది. వెనక అప్పటికే బళ్ళు కిక్కిరిశాయి. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. ఇరవై రెండు నిమిషాలు.

కాస్త ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు. "రింగురోడ్డు మీద పోయుంటే మా అక్క బతికేది! నీ దగ్గర దారి తగలబడా!" అని బావమరిది ఆసుపత్రి వసారాలో అందరూ చూస్తుండగా అరిచాడు. స్కేలు బదులు చెప్పలేదు. చెబితే ఒక్క మాటే చెప్పాలి, మీ అక్కే అటు పొమ్మందని. పోయినామె మీదికి తప్పు నెట్టి తను దులిపేసుకోవడమా? ఆ మాటను గొంతులోనే నొక్కేశాడు. దాంతోపాటు మిగతావన్నీ కూడా లోపలే ఉండిపోయినట్టున్నాయి.

"ఎప్పుడూ వెళ్ళలేదా ఏమిటి?" అంది ఆవిడ.

"వెళ్ళానండీ. రెండు దారులున్నాయి మేడమ్. వంతెన ఒకటి, రింగురోడ్డు ఒకటి."

"నేను ఒకటే రాసుకోవాలి. రింగురోడ్డు ఆరు కిలోమీటర్లు ఎక్కువ. అది చెప్పారంటే ఈ ప్రశ్న పోయినట్టే. ఇది పోతే లైసెన్సూ పోతుంది. మీకు తెలియంది కాదు."

"వంతెన మీద ఏదైనా అడ్డం పడితేనో?"

"పరీక్షలో వంతెనలు ఎప్పుడూ తెరిచే ఉంటాయండీ" అని నవ్వింది. "ఏది రాసుకోమంటారు?"

లైసెన్సు పోయినా స్కేలుకు బాధనిపించదు. కానీ రింగురోడ్డంటే భార్య చెప్పింది తప్పని తన నోటితో తనే రాయించినట్టవుతుంది. అతను కళ్ళు మూసుకుని, భార్యకు అప్పజెప్పినట్టే అప్పజెప్పాడు. స్టాండు నుంచి ఎడమకు, గడియారం దగ్గర కుడికి, నాలుగు రోడ్ల దగ్గర నేరుగా, వంతెన, దిగగానే ఎడమకు, ఎదురుగా ఆసుపత్రి గేటు.

ఆవిడ టిక్కు పెట్టింది. "సరైన దారి."

"సరైనదేనాండీ?"

"అదేమిటండీ, నన్నడుగుతారు? అడ్డముందని ముందే తెలిస్తే ఎవరైనా తప్పుకుంటారు. తెలియనప్పుడు ఇదే దారి. మా అమ్మను తీసుకెళ్ళాల్సొచ్చినా ఇలాగే పోతాను."

స్కేలు బయటికొచ్చాడు. బావమరిది లేచి నిలబడ్డాడు.

"ఆసుపత్రి దారి అడిగారా?"

"అడిగారు. వంతెన మీదుగా అని చెప్పాను."

బావమరిది మొహం మాడిపోయింది. "ఏమన్నారు?"

"సరైనదన్నారు. ముందే తెలియకపోతే ఎవరైనా అటే పోతారన్నారు." స్కేలు కుర్చీలో కూర్చున్నాడు. "మీ అక్క కూడా అదే చెప్పింది రా."

"అక్కా? ఎప్పుడు?"

"ఆ రోజే. నేను రింగురోడ్డుకు తిప్పబోతుంటే, అరవై మూడు, నేరుగా పొమ్మంది. కరెక్టుగా చెప్పింది. అంత నొప్పిలోనూ తప్పు చెప్పలేదు."

"మరి నేను అన్నేసి మాటలంటుంటే నోరెందుకు మెదపలేదు బావా?"

"అది తప్పు దారని తేలితే, ఆ నింద మీ అక్క మీద పడుతుంది కదరా."

బావమరిది కూర్చున్నాడు. పెన్ను మూత తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని చివరి గడిలో సంతకం చేశాడు. సంతకం గీత దాటి పక్క గడిలోకి పోయింది.

"ఒరేయ్, కాసిని నీళ్ళున్నాయేమో చూడు" అన్నాడు స్కేలు. "నాలుక మండిపోతోంది. పొద్దున టీకి కాలినట్టుంది." ఆ మాట అంటూనే, కాలిన నోటిని చేత్తో మూసుకుని ఏడ్చాడు.