మధ్యలో మూడు పేజీలు

నెక్కొండలో టైలర్ పని చేసే ఎల్లస్వామి ఒక మంగళవారం మధ్యాహ్నం హన్మకొండలో శోభారాణి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి తర్జుమా చేసి సంతకం పెట్టి ఇస్తుంది.

అతని భార్య సుకన్య ఐర్లాండ్‌లో నర్సు. ఆమె వెళ్లి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు అతను ఆమె దగ్గరికి వెళ్లడానికి వీసాకు పెట్టుకుంటున్నాడు. పెళ్లి పత్రిక, పుట్టిన సర్టిఫికెట్ టేబుల్ మీద పెట్టి, చివర్న ఒక లావుపాటి కట్ట తీశాడు. ఇద్దరూ ఫోన్లో రాసుకున్న మెసేజ్‌లన్నీ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాడు.

"మేం నిజంగ ఆలుమగలమేనని చూపియ్యాలంట మేడం" అన్నాడు, కాస్త సిగ్గుగా.

శోభారాణి కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అన్నం తిన్నవా. తిన్న. ఏం కూర. వంకాయ. అక్కడ వాన పడ్తాందా. రోజూ పడ్తది. పేజీల నిండా ఇవే మాటలు. ఇరవై రెండో పేజీ తిప్పేసరికి ఇరవై ఆరోది వచ్చింది. తారీఖులు చూసింది. మార్చి మూడు తర్వాత మార్చి పదిహేను.

"మధ్యల మూడు పేజీలు లేవు తమ్మీ."

"అండ్ల ఏం లేదు మేడం."

"ఏం లేకుంటె తీసెయ్యకపోదువు. ఇచ్చినయన్నీ పూర్తిగ తర్జుమా చేసిన అని నేను కింద రాసి సంతకం పెట్టాలె. నంబర్లు తప్పినయంటె వాళ్లు నిన్నే అడుగుతరు."

ఎల్లస్వామి సంచి అడుగున మడిచిపెట్టిన కాగితాలు తీసి ఇచ్చాడు.

మార్చి మూడున సుకన్య ఇలా రాసింది: "నువ్వు రాకు. ఇక్కడ నీకు పని దొరకది. భార్య సంపాదన తింటాన అని నువ్వే కుములుతవు. అది నేను చూడలేను."

కింద ఎల్లస్వామి జవాబు ఒక్కటే మాట. "సరే."

ఆ తర్వాత పదకొండు రోజులు ఎవరూ ఏమీ రాసుకోలేదు.

"గిది చూస్తె వీసా ఇస్తరా మేడం? పెళ్లామే వద్దన్నంక."

"మాట ఆమెది. పెట్టాల్నా వద్దా ఆమెనే అడుగు."

అతను అక్కడే కూర్చుని వీడియో కాల్ చేశాడు. సుకన్య అప్పుడే నైట్ డ్యూటీ దిగి గదికి వచ్చింది. ఇంకా స్వెటర్ కూడా తీయలేదు. అతను విషయం చెప్పి ఫోన్ శోభారాణి వైపు తిప్పాడు.

"పెట్టున్రి మేడం" అంది సుకన్య. "ఆ దినం మా తోటి నర్సు వాళ్లాయన పని దొరకక ఆర్నెల్లకే ఇంటికి మర్లిపోయిండు. నేనే ఎయిర్‌పోర్టుకు సాగనంపి వచ్చిన. మా ఆయనకూ గట్లనే అయితదని బుగులైంది. గా బుగుల్ల రాసిన."

"నాకు చెప్పలేదు కదా" అన్నాడు ఎల్లస్వామి.

"నువ్వు అడగలే. సరే అన్నవు, ఊకున్నవు."

అతను తల వంచుకున్నాడు. "నువ్వు రావద్దంటె, నేను రావాల్నని ఎట్ల అడుగుదు?"

శోభారాణి మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే నిలబడింది. తిరిగి వచ్చేసరికి కాల్ అయిపోయింది. అతను చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

ఆమె ఇరవై ఐదో పేజీ కింద చూసింది. ఆ మౌనాన్ని మొదట విడిచింది సుకన్యే. "మిషన్‌కు ఏ నంబర్ సూది ఎయ్యాలె?"

"గుడ్డను బట్టి. ఏం గుడ్డ?"

"యూనిఫాం ప్యాంటు. ఇక్కడ ఒక ముసలామె పాత మిషన్ ఇచ్చింది. నువ్వు వచ్చేదాక దాన్ని నేను వాడుకోవాల్నంట."

తర్వాతి పేజీల నిండా అతని సమాధానాలే: దారం ఎట్ల ఎక్కించాలి, నూనె ఎక్కడ వెయ్యాలి, బాబిన్ ఎందుకు బిగుసుకుంటుంది.

శోభారాణికి ఆ పని నాలుగు రోజులు పట్టింది. వంకాయ, వాన, సూది నంబర్ సులువుగానే ఇంగ్లీషులోకి దాటాయి. "సరే" దగ్గర ఆగిపోయింది. ఒప్పుకున్నాడని రాస్తే తప్పు, అలిగాడని రాసినా తప్పే. చివరికి అతనికే ఫోన్ చేసింది.

"ఆ సరే అన్నప్పుడు నీ మనసుల ఏమున్నది తమ్మీ?"

"ఏమో మేడం. ఇంకో మాట రాలే."

ఆమె ఇంగ్లీషులో కూడా అంత చిన్న మాటే ఒకటి రాసి వదిలేసింది. పేజీలన్నిటికీ వరసగా నంబర్లు వేసి, ప్రతి పేజీ మీద సంతకం చేసింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం ఫోన్ మోగింది. అవతల రైలు చప్పుడు.

"మేడం, వీసా వచ్చింది. పాస్‌పోర్టు నా చేతుల్నే ఉన్నది. స్టేషన్ల ఉన్న."

"సుకన్యకు చెప్పినవా?"

"ఇంకా లేదు. డ్యూటీల ఉన్నది. దిగుతందుకు ఇంకో గంట పడ్తది." రైలు చప్పుడుకు గొంతు పెంచాడు. "అందాక ఎవరికన్న చెప్పకుంటె ఉండబుద్ధి అయితలేదు."

"అయితె చెప్పు" అంది శోభారాణి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటూ. "నాకేం తొందర లేదు."