రెండు మీటర్ల కడ్డీ

ఉక్కు కడ్డీ ఒకటి, అల్యూమినియం కడ్డీ ఒకటి. చల్లగా ఉన్నప్పుడు రెండూ రెండేసి మీటర్లు. నూట యాభై డిగ్రీలు వేడెక్కితే ఏది ఎంత సాగుతుంది?

ఏటా చెప్పే లెక్కే. నిద్రలో లేపి అడిగినా చేస్తాను. ఉక్కు మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అల్యూమినియం దానికి రెట్టింపు. బోర్డు మీద ఏడు అంకె వేసి అక్కడే ఆగిపోయాను.

"ఏమైంది మేడమ్?" అన్నారు పిల్లలు. నోరు మూసుకుని లెక్క చేయమని కసిరాను.

మా తమ్ముడు బీరువాలు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడ రంగు వేసిన బీరువాలను ఇటుక బట్టీలో ఆరబెడతారు. పోయిన నెల వేడి బట్టీలో బీరువాల బండి ఒరిగిపోతే, సరిచేసి వచ్చేద్దామని వాడు లోపలికెళ్లాడు. గొలుసు తెగి ముందు షట్టరు పడిపోయింది. వెనక అత్యవసర తలుపుంది. లోపలి పిడి తిప్పితే నిలువు కడ్డీ గాట్లోంచి తప్పుకుని తెరుచుకోవాలి. వాడు ఆ తలుపు దగ్గరే పోయాడు.

మర్నాడు బట్టీ చల్లారాక సేఫ్టీ ఆఫీసరు పిడి తిప్పితే ఇట్టే తిరిగింది. "తలుపు లక్షణంగా ఉంది. కుర్రాడే కంగారుపడ్డాడు" అని తేల్చేశాడు పెద్దమనిషి. అమ్మ మాత్రం పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లతోనూ ఒకటే మాట, "నా కొడుకు పిరికివాడు కాదు. ఆ తలుపే రాలేదు."

బోర్డు ముందు నాకు గుర్తొచ్చింది వాడి గొప్పలు. "అక్కా, బట్టీ వెనక తలుపు ఉక్కు కడ్డీ తుప్పుతో ప్రాణం తీస్తోందే. పీకేసి అల్యూమినియంది వేశా. వెంట్రుకవాసి తేడా లేదు, అచ్చు అదే కొలత!"

చెబితే తప్పు చచ్చినవాడి నెత్తిన పడుతుంది. చెప్పకపోతే సోమవారం బట్టీ మళ్లీ ముట్టించాక ఇంకెవరి బిడ్డో అందులోకి వెళ్తాడు. సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్లాను.

"ప్రతి వారం తనిఖీ చేస్తాం మేడమ్" అన్నాడు ఆఫీసరు.

"చల్లగా ఉన్నప్పుడేగా?"

"వేడిగా ఉంటే లోపలికెవరు వెళ్తారండీ?"

"మా తమ్ముడు వెళ్లాడు."

ఆయన టేపు తీసుకుని నా వెంట బట్టీ దగ్గరికి నడిచాడు. కడ్డీకీ తలుపు పైరాతికీ మధ్య సందు కొలిపించాను. నాలుగు మిల్లీమీటర్లు. ఉక్కుకైతే సరిపోయేదే, ఏడు సాగే ఈ అల్యూమినియానికి చాలదన్నాను. తర్వాత బట్టీ వేడెక్కించారు. షట్టరు ఎత్తి కింద దుంగలు పెట్టాక, మేస్త్రీ తడిగోనె కప్పుకుని లోపలికి పరిగెత్తాడు. సుత్తి దెబ్బలు వినిపించాయి. దగ్గుతూ బయటపడ్డాడు.

"కదల్లేదు సార్. గోడలో పాతేసినట్టుంది."

"ఈ కడ్డీ వేసిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

మేస్త్రీ తల దించుకున్నాడు. "మా తమ్ముడే" అన్నాను. ఆ కడ్డీ మార్చేదాకా బట్టీ ముట్టించనని ఆఫీసరు మాటిచ్చాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"తలుపు రాలేదు కదూ?"

"రాలేదమ్మా. వేడికి కడ్డీ బిగుసుకుపోయింది. ఉక్కు ఉండాల్సిన చోట అల్యూమినియం వేశారు."

"నే చెప్పలేదూ!" అమ్మ మొహం నెల తర్వాత మొదటిసారి వెలిగింది. మరుక్షణం పళ్లు కొరికింది. "ఆ కడ్డీ వేసినవాడి చేతులు పడిపోను! వాడి తల్లికీ ఈ కడుపుకోత..."

"అనకమ్మా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

అమ్మ నా చెయ్యి తీసేసి మొహంలోకి చూసింది.

"ఎవరే?" అంది.

నేను ఏడుస్తూ నిలబడ్డాను. అమ్మ మళ్లీ అడగలేదు.