పన్నెండు ఖాళీ గడులు

కొత్తగా తెరిచిన ఇంటెన్సివ్ కేర్ వార్డులో చేరిన రోజున భూలక్ష్మి చేతికి వచ్చినవి ఆరు మంచాలు, ఊపిరి ఆడించే మిషను ఒకటి, తోడుగా ఇంకో నర్సు. ఇంట్లో తోడు వచ్చింది ఎవరూ లేరు. శేరిలింగంపల్లిలో నీళ్లు మోసి, వంట చేసి, అత్త కాళ్లకు నూనె రాసి రైలెక్కేది. "దినమంత మంచాల పక్కన నిలబడుడే గద, గదేం పని?" అనేది అత్త పోచమ్మ. మొగుడు లింగమూర్తి నవ్వి, "గా దవాఖానల చేసే సేవ ఇంట్ల జర చేస్తే పుణ్యమన్న వస్తది" అనేవాడు. ఇల్లయినా వార్డయినా చేసింది ఎవరికీ కనబడదు, చేయనిదే కనబడుతుంది. ఈ లెక్క ఆమెకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

పెద్ద డాక్టరు చలపతిరావు వైద్యం ఎంత బాగుందో కొలవాలని చార్టు అచ్చు వేయించాడు. ఒక్కో మంచానికి గంటకో గడి. నాడి, రక్తపోటు, జ్వరం. గడులు నిండితే మంచి వార్డు.

ఒక సోమవారం పగలు పదకొండింటికి తోటి నర్సును సూపరింటెండెంటు గారి భార్యకు ఇంజెక్షను ఇవ్వడానికి ఇంటికి పంపారు. ఆమె వెళ్లగానే కరెంటు పోయింది. మిషను ఆగింది. దాని మీదే ఊపిరి తీస్తున్న రెండో మంచం పిల్లకు పంతొమ్మిదేళ్లు. భూలక్ష్మి గాలి సంచి పట్టుకుని, కరెంటు వచ్చేదాకా రెండు గంటలు చేత్తో నొక్కింది. వేళ్లు కొయ్యబారాయి. పిల్ల బతికింది. ఆరు మంచాలకు పన్నెండు గడులు ఖాళీగా మిగిలాయి. నాలుగో మంచం ముసలాయనకు జ్వరం ఏ గంటలో ఎక్కిందో ఎవరికీ తెలియదు. అది మాత్రం ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

మర్నాడు చలపతిరావు చార్టు ముందు పడేశాడు. "తనిఖీ వాళ్లు వస్తున్నారు సిస్టర్. పక్క గంటల అంకెలు చూసి నింపేయండి."

"సూడని నాడి ఎట్ల రాయాలె సార్?"

"అందరూ రాసేదేనండీ. హెడ్ నర్సు పోస్టుకు మీ పేరే పంపాను. ఈ ఖాళీలు చూస్తే వాళ్లేమనుకుంటారు?"

ఏమనుకుంటారు? నిలబడి ఊరికే ఉందనుకుంటారు. పోచమ్మ అన్నట్టే. నింపితే హెడ్ నర్సు. నింపితే ఆ రెండు గంటలూ వార్డులో ఇద్దరున్నట్టే, జ్వరం ఎక్కనట్టే, రేపు మళ్లీ ఒక్కదాన్నే వదిలినా ఏమీ కానట్టే. ఎర్ర సిరా కలం తీసింది. పన్నెండు గడుల్లోనూ ఒకే మాట రాసింది: "చూడలేదు. నర్సు ఒక్కతే. చేత్తో ఊపిరి ఆడిస్తోంది." కింద సంతకం పెట్టింది.

హెడ్ నర్సు పోస్టు ఇంకొకరికి వెళ్లింది. ఆమెకు మెమో వచ్చింది. "మంచిగైంది, ఇగ ఇంటికాడనే ఉండు" అన్నాడు లింగమూర్తి. మర్నాడు ఆమె రైలెక్కింది.

తనిఖీ వాళ్లు వెళ్లిన మూడు నెలలకు కొత్త చార్టులు వచ్చాయి. అన్నిటికన్నా పైన ఒక గడి చేరింది: ఈ గంటలో వార్డులో నర్సులు ఎందరు? ఆమె గెలిచింది ఆ గడి ఒక్కటే. మొదటి రోజు పదకొండింటికి అందులో ఆమె వేసిన అంకె: 1.