బూట్లు మాత్రం కడుక్కున్నాడు

ఆ రక్షిత కొండ మీద గొర్రె కాలు పెట్టకూడదు. గొర్రెల్ని ముట్టుకున్న మనిషి గేటు దగ్గరున్న మందునీళ్ల తొట్టిలో బూట్లు ముంచకుండా పైకి పోకూడదు. ఊపిరితిత్తుల్ని తినేసే జబ్బొకటుంది. అది ఒంట్లో ఉన్నా గొర్రెలు హాయిగా మేస్తూ తిరుగుతాయి. కొండమేకలకి సోకిందా, మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ జాతి కొండమేకలు లోకంలో మిగిలిందే ఆ ఒక్క మంద. అందుకే కొండకి కాపలా ఉండే గార్డు ఈ నియమం దగ్గర ఎవర్నీ లెక్కచేసేవాడు కాదు. సొంత అన్న గొర్రె కంచె దాటబోయిందని అన్నతోనే తగువు పడి, ఒకే ఇంట్లో ఉంటూ చాన్నాళ్లు మాటల్లేకుండా తిరిగాడు.

అంతటివాడు చేసిన నిర్వాకం చూడండి. ఈ ఏడు మంచు విరుచుకుపడినప్పుడు బండ కింద బిగుసుకుపోతున్న కొండమేక పిల్ల కనబడింది. తల్లి జాడ లేదు. కోటులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. వదిన పొయ్యి పక్కన పడుకోబెట్టి ఒళ్లు వెచ్చజేసింది. సీసాతో పాలు పడితే మూతి తిప్పేసుకుంటోందని, ఈనిన గొర్రె కింద వదిలింది. అది గుటకలేస్తుంటే గార్డుకి ప్రాణం లేచొచ్చింది. మంచు తెరిపివ్వగానే పైకి బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి, పిల్లని చంకలో పెట్టుకునే, బూట్లు రెండూ మందునీళ్లలో శుభ్రంగా ముంచి మరీ వెళ్లాడు. బుర్ర ఏ గట్టున పెట్టాడో మరి!

పైన మందలో ఉన్న తల్లి వాసన చూసి పిల్లని చేర్చుకుంది. తోటివాళ్లు అతన్ని మేకల నాన్న అని ఏడిపిస్తే పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయాడు. అతను నాలుకతో చప్పుడు చేస్తే చాలు, పిల్ల గంతులేసుకుంటూ వచ్చేది. తల్లి కాస్త ఎడంగా నిలబడి చూస్తుండేది.

ఇప్పుడు తల్లీ పిల్లా రెండూ దగ్గుతున్నాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి దూరదర్శినిలోంచి చాలాసేపు చూసి, గొర్రె పాలు ఏమైనా తాగిందా పిల్ల అని మెల్లగా అడిగింది. తాగిందన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మనిషిని చేరనివ్వని జంతువులకి మందు పట్టే దారి లేదని ఆమె చెప్పింది. దగ్గుతున్నవాటిని ముందుగా తీసేస్తే మిగతావి బతకొచ్చు. పిల్లని గార్డు పిలవాలి. తల్లి వెనకాలే వస్తుంది కాబట్టి డాక్టరమ్మ తుపాకీకి అందుతుంది.

"పిల్లని నాకిచ్చెయ్యండి మేడమ్. ఇంట్లో పెంచుకుంటాను" అన్నాడు.

"దాని ఊపిరితిత్తులు అయిపోయాయి. ఇంజెక్షన్ తెచ్చాను. మీ ఒళ్లోనే పోతుంది" అందామె.

ఇంటికొచ్చి వదినతో ఈ మాట చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపేసింది.

"పాలు పట్టింది నేను. నువ్వొక్కడివే మోయకు" అంది.

ఆ మాటతో ఓదార్పు కలగలేదు సరికదా, వదిన ముఖం చూడటమే కష్టమైంది.

మర్నాడు పొద్దున్న బండ వెనక కూర్చుని నాలుకతో చప్పుడు చేశాడు. రాకుంటే బాగుండునని మనసులో వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు. వచ్చింది. గంతులు లేవు, తూలుకుంటూ వచ్చి అతని మోకాళ్ల మధ్య తలపెట్టింది. వెనకే తల్లి వచ్చి, ఎప్పట్లాగే ఎడంగా నిలబడింది. తుపాకీ పేలింది.

తల్లి ఉన్నచోటే కూలిపోయింది. గార్డు పిల్లని గుండెకి అదుముకుని పైనున్న మంద వైపు చూశాడు. రాయి దొర్లితేనే శిఖరం అవతలికి మాయమైపోయే జంతువులవి. పొండి, పొండి అని పెదవులు కదుపుతూ బతిమాలాడు. తలలెత్తి చూశాయి గానీ ఒక్కటీ కదల్లేదు. పరిగెత్తే ఊపిరి వాటిలో లేదు.

డాక్టరమ్మ ఏడుస్తూనే తుపాకీలో మరో తూటా పెట్టింది.